చీజు: పాలను నిలువజేయు విద్య

పాడి గల ఇంట ఎన్నడును తీరని చింత యొకటి కలదు. గేదె ఈనిన తొలి నెలలలో పాలు పుష్కలముగా నుండును. వట్టిపోయిన పిమ్మట చుక్క దొరకదు. కలిగిన నాటి పాలను లేని నాటికి దాచుకొందమన్నచో అవి ధాన్యము వంటివి కావు. వడ్లను గాదెలో పోసి ఏడాది పొడుగున ఉంచవచ్చును. మిరపకాయలను ఎండబెట్టి అటకపై పెట్టవచ్చును. సాయంకాలము పితికిన పాలు మాత్రము, కాచకుండ ఉంచినచో, తెల్లవారునప్పటికి విరిగి ఎందుకును కొరగాకుండ పోవును. పశువులను పెంచిన ప్రతి జాతియు ఏదో యొక కాలమున ఈ చిక్కును ఎదుర్కొన్నది. ఎవరికి తోచిన ఉపాయము వారు పన్నిరి.

మన పెద్దలు పన్నిన ఉపాయము నెయ్యి. పాలను కాచి, తోడువేసి, పెరుగును చిలికి, వెన్న తీసి కరగించినచో నీరంతయు పోయి కమ్మని కొవ్వు మిగులును. నీరు లేని చోట సూక్ష్మజీవులు పెరుగజాలవు గనుక మండువేసవిలో సైతము నెయ్యి నెలల తరబడి నిలువయుండును. వేడిదేశమునకు ఇంతకన్న తగిన విద్య లేదు. ఐతే ఇందు నిలిచినది కొవ్వు మాత్రమే. కండను పెంచు మాంసకృత్తులు చల్లలో మిగిలిపోవును. ఆ చల్లను ఆ నాడో మరునాడో వాడుకొనవలసినదే. పశ్చిమాసియా, ఐరోపా దేశములవారు పన్నిన ఉపాయము వేరు. వారు కొవ్వును, మాంసకృత్తులను రెంటిని కలిపి గడ్డకట్టించి, నీటిని పిండివేసి, ఉప్పు పట్టించి, చల్లని చోట మాగవేసిరి. అదియే చీజు. నేడు మన పట్టణములలోనే గాక రహదారి ప్రక్క గ్రామములందలి అంగళ్ళలో కూడ చిన్న పెట్టెలలో అమ్ముచున్న వస్తువు ఇదే. కొనుచున్నారే గాని అది ఏమి, ఎట్లు పుట్టినది అని అడిగినచో చెప్పగలవారు తక్కువ.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులలో చీజుకు జున్ను అని అర్థము వ్రాయుట వాడుక. ఈ రెండును ఒకటి కావు. మన జున్ను ముర్రుపాలతో చేయునది. ఈనిన తొలి దినముల పాలలో దూడకు రోగములను తట్టుకొను శక్తినిచ్చు మాంసకృత్తులు మిక్కుటముగా నుండును. అవి వేడి తగిలినంతనే కోడిగ్రుడ్డు సొన వలె గట్టిపడును. అందుచేతనే బెల్లము, మిరియాలు వేసి ఆవిరిపై ఉడికించినంత మాత్రమున, తోడు గాని పులుపు గాని అక్కరలేకుండ, జున్ను తయారగును. కొలది దినములు గడచిన పిదప ఆ గేదె పాలనే ఎంత కాచినను జున్ను కాదు. చీజు గట్టిపడుట మరియొక మాంసకృత్తు వలన, మరియొక విధమున. కావున ఈ వ్యాసమున చీజు అనియే వ్రాయుచున్నాము.

చిల్లుల కుండలు

ఐరోపాలోని పోలండు దేశమున కుయావియా అను ప్రాంతము కలదు. అచ్చట త్రవ్వకములలో 7,000 సంవత్సరములకు పూర్వపు తొలి రైతుల ఊళ్ళు బయల్పడినవి. ఆ ఊళ్ళలో చిన్న చిన్న చిల్లులు గల కుండపెంకులు దొరకినవి. వీనిని దేనికి వాడిరో చాలకాలము తెలియలేదు. నిప్పుకణికలను ఉంచుటకని కొందరు, తేనె వడగట్టుటకని కొందరు అనుకొనిరి. పీటర్ బొగుకీ అను అమెరికా పురాతత్త్వవేత్త, ఇవి చీజు చేయువారు విరిగిన పాలను వడగట్టు పాత్రలై యుండునని 1980 దశకమున ప్రతిపాదించెను. రుజువు మాత్రము 2012లో గాని లభింపలేదు. కాల్చిన మట్టి సందులలోనికి ఇంకిపోయిన కొవ్వును రసాయన పరీక్షచే వెలికిదీసి చూడగా అది పాలకొవ్వు అని తేలినది. అదే చోట దొరకిన వంట కుండలలో మాంసపు కొవ్వు కనబడగా, చిల్లుల పాత్రలలో పాలకొవ్వు కనబడినది. వంట కొకటి, వడకట్టుటకు మరియొకటి అని 7,000 సంవత్సరముల నాడే ఇల్లాండ్రు పాత్రలను వేరుచేసి యుండిరన్నమాట.

ఈ ఆధారమునకు ఇంకొక ప్రాముఖ్యము గలదు. పాలలో లాక్టోజు అను పాలచక్కెర యుండును. దానిని అరిగించు రసము పసిబిడ్డల కడుపులో నుండును గాని ఆ కాలపు ఐరోపా రైతులలో పెద్దయైన పిమ్మట అది దాదాపు లేకుండెనని వారి యెముకల నుండి తీసిన జన్యుపదార్థము చెప్పుచున్నది. అట్టివారు పచ్చిపాలు త్రాగినచో కడుపుబ్బరము, విరేచనములు కలుగును. నేటికిని లోకమున పెద్దలలో చాలమంది స్థితి ఇదే. మన దేశమున దక్షిణాదివారిలో ఇది ఉత్తరాదివారికన్న హెచ్చు. ఐతే పాలను విరుగగొట్టి వడగట్టినచో పాలచక్కెరలో ఎక్కువ భాగము నీటితో పోవును. మిగిలినది పులిసి తరగును. పాలు పడని మనిషికి పాలలోని బలమును అందించు మార్గము వారికి చీజు రూపమున దొరకినది. పెరుగు, మజ్జిగ మన వారికి చేసిన మేలు కొంతవరకు ఇట్టిదే.

చైనాలోని తారిమ్ ఎడారిలో షియావోహె అను శ్మశానవాటిక కలదు. ఇసుకయు, ఎండగాలియు శవములను కుళ్ళనీయక భద్రపరచినవి. 3,300 మొదలు 3,600 సంవత్సరముల నాటి ఆ శవములలో కొన్నింటి మెడచుట్టు పసుపుపచ్చని చిన్న గడ్డలు చల్లబడి యుండెను. పరీక్షింపగా అది చీజు. పరలోక ప్రయాణమునకు చద్ది కట్టి పంపిరి కాబోలు. 2024లో ప్రకటించిన పరిశోధన ప్రకారము అందు ఆవుపాలు, మేకపాలు కలవు. తోడువేసిన సూక్ష్మజీవుల జాడయు దొరకినది. కంటికి కనబడు చీజులో లోకమున ఇంతకన్న పాతది ఇంతవరకు దొరకలేదు.

గ్రీకుల మహాకావ్యమైన ఒడిస్సీలో ఒంటికన్ను రాక్షసుడైన పాలిఫీమసు సైతము తన గుహలో చీజు చేయును. గొర్రెలను, మేకలను పితికి, సగము పాలను విరుగజేసి అల్లిన బుట్టలలో వడగట్టి, తక్కినది త్రాగుటకు ఉంచుకొనును. రోమనులలో కొలుమెల్లా అను రైతు క్రీ.శ. 1వ శతాబ్దమున 12 భాగముల వ్యవసాయ గ్రంథమును వ్రాసెను. అందు 7వ భాగమున చీజు చేయు విధము వివరముగా నున్నది. పాలు అప్పుడే పితికినవి కావలెను. కుండను మంట తాకకుండ గోరువెచ్చగా నుంచవలెను. గొర్రెపిల్ల లేక మేకపిల్ల పొట్టలోని పదార్థమును గాని, అడవి ముళ్ళమొక్క పూవును గాని, అంజూరపు పాలను గాని, కుసుమ గింజలను గాని వేసి గడ్డకట్టింపవలెను. బరువు పెట్టి నీటిని వెడలగొట్టి, ఉప్పు చల్లి, నీడయు చల్లదనమును గల చోట వరుసగా పేర్చవలెను. నేటి కర్మాగారములో జరుగునదియు క్రమములో ఇదియే. మన మెట్టరైతులు చేను చుట్టు ముండ్లకంచెగా వేయు కుసుమకు ఇట్టి ఉపయోగమున్నదని 1,900 సంవత్సరముల క్రిందటి రోమను రైతుకు తెలియుట ముచ్చట గొల్పును. లాటిను భాషలో చీజును కాసెయుస్ అనిరి. చీజు అను ఇంగ్లీషు పేరును, కేసిన్ అను శాస్త్రజ్ఞుల పేరును దాని నుండియే పుట్టినవి.

పాలు ఏల గడ్డకట్టును

నూరుపాళ్ళ ఆవుపాలలో సుమారు 87 పాళ్ళు నీరు. తక్కిన 13 పాళ్ళలో కొవ్వు 4, పాలచక్కెర 5కు కొంచెము లోపు, మాంసకృత్తులు మూడున్నర వరకు, మిగిలినది లవణములు. గేదెపాలలో కొవ్వు 7 పాళ్ళకు మించుటయు కలదు. మాంసకృత్తులు 4 పాళ్ళకు పైబడును. ఈ మాంసకృత్తులలో అయిదింట నాలుగు వంతులు కేసిన్. ఇది పాలలో కరగి యుండదు. కాల్షియముతో కూడి అతిసూక్ష్మములైన ఉండలుగా తేలుచుండును. ఒక మిల్లీమీటరు పొడుగున వీనిని వరుసగా పేర్చినచో వేల సంఖ్యలో పట్టును. పాలు తెల్లగా కనబడుటకు ఈ ఉండలును, కొవ్వుబొట్లును కారణము.

ఈ ఉండలు ఒకదాని నొకటి అంటుకొనక విడివిడిగా ఏల తేలుచున్నవి? ప్రతి యుండ పైనను వెండ్రుకల వంటి నూగు కలదు. అదియు ఒక జాతి కేసినే. ఒక ఉండ నూగు మరియొక ఉండను దగ్గరకు రానీయదు. ఆ నూగు ఉన్నంతకాలము పాలు పాలుగా నుండును. నూగు పోయినచో ఉండలు అంటుకొని వల వలె అల్లుకొనును. ఆ వలలో కొవ్వు చిక్కుకొనును. నీరు వెలికి వచ్చును. చీజు విద్య యంతయు ఈ నూగును తొలగించుటలోనే యున్నది.

దానికి మార్గములు రెండు. ఒకటి పులుపు. నిమ్మరసము పిండినను, పెరుగుతోడు వేసినను, పాలు పులియుకొలది నూగునకు గల విద్యుచ్ఛక్తి తగ్గి అది పడిపోవును. ఉండలలోని కాల్షియము కూడ కరగి నీటిలోనికి పోవును. మన పెరుగు, పనీరు ఈ మార్గమునకు చెందినవి. పనీరు చేయునపుడు పాలను మరిగించి ఆ వేడిమీదనే పులుపు వేయుదుము గనుక, తేటలోనికి పోవలసిన తక్కిన మాంసకృత్తులు కూడ చాలవరకు గడ్డకే అంటుకొనును. ఇట్టి గడ్డ వేడికి కరగదు. నూనెలో వేయించినను పనీరు ముక్క ముక్కగానే నిలుచుటకు కారణమిదే.

రెండవది రెన్నెట్ మార్గము. పాలు త్రాగు దూడ యొక్క నాలుగవ జీర్ణాశయమున కైమోసిన్ అను రసము ఊరును. తల్లిపాలు వెంటనే జారిపోక, కడుపులో గడ్డకట్టి నిదానముగా జీర్ణమగుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది. పూర్వము పశువుల పొట్టతోలు సంచులలో పాలు పోసికొని పోయినవారికి ఇది యాదృచ్ఛికముగా తెలిసి యుండునని ఊహింతురు. ఈ కైమోసిన్ కత్తెర వంటిది. నూగుగా నున్న కేసిన్ గొలుసులో 105వ పూస, 106వ పూసల నడుమ ఒక్కచోటనే కత్తిరించును. నూగు రాలిపోవును. పాలు పులియకుండనే, తియ్యగా నుండగనే, అరగంటలో కత్తికి తెగునంత గట్టిగా పేరుకొనును. కాల్షియము ఉండలలోనే నిలుచును గనుక ఈ గడ్డ పట్టు కలిగి, సాగుగుణము కలిగి యుండును.

ఇంగ్లండులో సోమర్సెట్ జిల్లాయందలి చెడ్డర్ గ్రామము పేరిట వెలసిన చీజును ఉదాహరణగా తీసికొందము. పాలను సుమారు 31 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ఉంచి, మన పెరుగుతోడునకు బంధువులైన సూక్ష్మజీవులను కలుపుదురు. పిదప రెన్నెట్ వేయుదురు. గడ్డకట్టినంతనే తీగెలు బిగించిన చట్రములతో చిన్న ఘనములుగా కోసి, మెల్లగా కలియబెట్టుచు వేడిని 39 డిగ్రీల వరకు పెంచుదురు. ముక్కలు ముడుచుకొని తేటను వదలును. తేటను తీసివేసి, అడుగున పేరిన గడ్డను దిమ్మెలుగా కోసి, ఒకదానిపై నొకటి పేర్చి, మాటిమాటికి తిరగవేయుదురు. ఈ పనిలో పులుపు పెరుగును, పొర పొరగా కోడిమాంసపు నారవంటి నిర్మాణము ఏర్పడును. తరువాత నలిపి, నూటికి రెండు పాళ్ళ వరకు ఉప్పు కలిపి, అచ్చులలో నొక్కి, చల్లని గదిలో నెలల తరబడి మాగవేయుదురు. పది లీటర్ల ఆవుపాలకు సుమారు ఒక కిలో చీజు వచ్చును.

మాగుటలోని మర్మము

క్రొత్త చీజు చప్పగా, రబ్బరు వలె నుండును. రుచి యంతయు మాగుటలో పుట్టును. పులుపు, ఉప్పు, నీటికొరత అను మూడు కావలివాండ్రు చెడు సూక్ష్మజీవులను ఆపుచుండగా, మేలు చేయు సూక్ష్మజీవులును వాని రసములును మాంసకృత్తులను, కొవ్వును మెల్లమెల్లగా విడగొట్టును. కుళ్ళుటకును మాగుటకును భేదము సూక్ష్మజీవి ఉండుట, లేకుండుటలో లేదు. ఏ సూక్ష్మజీవిని రానిత్తుము అను దానిలో నున్నది. అరటిగెలను మాగవేయువారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము ఫ్రాన్సులోని రోక్‌ఫోర్ గ్రామము. అచ్చట కొంబలూ అను కొండ విరిగిపడి గుహలు ఏర్పడినవి. రాతి పగుళ్ళగుండ ఏడాది పొడుగున చల్లని తేమగాలి వీచును. గొర్రెపాల చీజును ఆ గుహలలో ఉంచి, ఒక జాతి నీలిబూజును దానిలో పెంచుదురు. బూజునకు గాలి అందుటకు సూదులతో గ్రుచ్చుదురు. ఆ రంధ్రముల వెంట నీలిచారలు వ్యాపించును. బూజుపట్టిన తిండిని పారవేయుమని పిల్లలకు చెప్పు మనకు ఇది వింతగా తోచును. కాని అది ఎన్నుకొని పెంచిన బూజు. ఇంటిలో రొట్టెకు పట్టు బూజు వేరు, దానిని తినరాదు. 1411లో ఫ్రాన్సు రాజైన 6వ ఛార్లెస్ ఈ చీజును మాగవేయు హక్కును ఆ గ్రామస్థులకే దఖలుపరచెను. 1925లో ఆ దేశపు చట్టము ఆ పేరును మరియెవ్వరును వాడరాదని నిర్ణయించెను. ఒక గ్రామము తన ఊరిపేరునే ఆస్తిగా కాపాడుకొన్న వృత్తాంతమిది.

స్విట్జర్లండులోని ఎమెంటల్ చీజునకు పెద్ద పెద్ద రంధ్రములుండును. ఒకజాతి సూక్ష్మజీవి మాగు దశలో బొగ్గుపులుసు వాయువును విడుచుటచే అవి ఏర్పడునని 1917 నాటికే తెలిసినది. ఐతే ఇటీవలి కాలమున రంధ్రములు తగ్గిపోవుచున్నవని అచ్చటివారు గమనించిరి. 2015లో ఆ దేశపు ప్రభుత్వ పరిశోధనశాల కారణము కనుగొన్నది. వాయువు చేరి బుడగ కట్టుటకు ఎండుగడ్డి నలుసు వంటి ఆధారము కావలెను. కొష్టములో బొక్కెనలతో పితుకు కాలమున అట్టి నలుసులు కంటికి కనబడకుండ పాలలో పడెడివి. మూసిన గొట్టముల యంత్రములు వచ్చిన పిదప పాలు మరీ శుభ్రమైపోయినవి.

ఇటలీలోని పార్మా ప్రాంతపు చీజును గూర్చి మన రైతులు తప్పక వినదగిన సంగతి యొకటి గలదు. ఆ చీజు ఒక్కొక్క చక్రము సుమారు 40 కిలోల బరువుండును. దానికి 550 లీటర్ల వరకు పాలు పట్టును. కనీసము 12 నెలలు మాగనిదే దానికి ముద్ర పడదు. అంతవరకు పాలు పోసినవారికి సొమ్ము ఎట్లు చెల్లించుట? 1953 మొదలు అచ్చటి క్రెదితో ఎమిలియానో అను బ్యాంకు మాగుచున్న చీజు చక్రములనే తాకట్టుగా తీసికొని అప్పిచ్చుచున్నది. బ్యాంకు గోదాములోనే అవి మాగును. వేళకు తిరుగవేయుట, తుడుచుట బ్యాంకు సిబ్బందియే చూతురు. గోదాములో ధాన్యము పెట్టి రసీదుపై అప్పు తీసికొను మన పద్ధతికి ఇది అన్నగారు. పండిన వెంటనే అయినకాడికి అమ్ముకొనక, ధర వచ్చువరకు ఆగుటకు కావలసిన దమ్ము పాడిరైతునకు ఈ ఏర్పాటు వలన కలిగినది.

యంత్రయుగము చీజును కూడ వదలలేదు. సోమర్సెట్ రైతైన జోసెఫ్ హార్డింగ్ 19వ శతాబ్దమున శుభ్రతకు, వేడిమికి, పులుపునకు కొలతలు ఏర్పరచి చెడ్డర్ విధానమును ఊరూర బోధించెను. 1851లో జెస్సీ విలియమ్స్ అను అమెరికా రైతు న్యూయార్కు రాష్ట్రమున ఇరుగుపొరుగు వారి పాలను సేకరించి మొదటి చీజు కర్మాగారమును నెలకొల్పెను. 1874లో క్రిస్టియన్ హాన్సెన్ అను డెన్మార్కు రసాయనవేత్త నిర్ణీతమైన శక్తి గల రెన్నెట్‌ను తయారుచేసి అమ్ముట ప్రారంభించెను. 1911లో స్విట్జర్లండువారు మాగిన చీజును కరగించి, లవణములు కలిపి, చెడకుండ నిలుచు ప్రాసెస్డ్ చీజును కనుగొనిరి. మన అంగళ్ళలో చిన్న ఘనములుగా, పలుచని బిళ్ళలుగా కనబడునది ఎక్కువగా ఇదియే. కర్మాగారములు పెరుగుటతో ఇంటింటి చీజులు తగ్గినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటను ప్రభుత్వము పాలనంతయు చెడ్డర్ జాతికే మళ్ళించుటచే అనేక గ్రామముల చీజులు అంతరించినవి. కరవు కాలమున అది తప్పని నిర్ణయమే కావచ్చును. పోయిన విద్యలు మాత్రము చాలవరకు తిరిగి రాలేదు.

మన దేశమున

ఇంత పాడి గల దేశమున చీజు ఏల పుట్టలేదు? దూడ కడుపులోని రసమును వాడుట మనవారికి రుచింపకపోవుట ఒక కారణమనుట వాడుక. ఈ రచయితకు శీతోష్ణము అంతకన్న పెద్ద కారణముగా తోచును. చీజు మాగుటకు 10, 12 డిగ్రీల చల్లదనము నెలల తరబడి కావలెను. మన మైదానములలో యంత్రము లేనిదే అది అసాధ్యము. చలి గల చోట మన దేశమునను ఈ విద్య వెలసినది. సిక్కిము, దార్జిలింగు కొండలలో చుర్పి యను గట్టి చీజు కలదు. పశువులు కాయువారు దానిని గంటల తరబడి నములుచుందురు. జమ్మూ కొండలలో కలారి యను చీజును పెనము మీద కాల్చి తిందురు. మైదానములలోనైనచో సూరతులో తేటలోనే తేలియుండు మెత్తని పనీరు, హుగ్లీ తీరమున పోర్చుగీసువారి పేరుతో ముడివడిన బండేలు చీజు కలవు. బండేలు చీజు చిన్న బిళ్ళలుగా నుండును. పొగ పట్టించినది కొన్నాళ్ళు నిలుచును.

మొక్కల తోడు కూడ మనకు క్రొత్తది కాదు. సింధు, పంజాబు ప్రాంతములలో పనీరు దోడీ యను మొక్క కలదు. ఇది మనవారు పెన్నేరు అను అశ్వగంధకు దగ్గరి చుట్టము. దీని కాయలను నానవేసిన నీరు పాలను పేరబెట్టును. 1880 దశకమున ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి, దూడ రెన్నెట్‌కు బదులుగా పనికివచ్చునా అని ప్రయత్నములు చేసిరి.

అసలు పరీక్ష గేదెపాలతో వచ్చినది. ఐరోపా శాస్త్రమంతయు ఆవుపాల మీద కట్టినది. గేదెపాలను పొడి చేయుట సాధ్యము కాదని విదేశ నిపుణులు అనుచుండగా, గుజరాతులోని ఆనంద్ సహకార సంఘమున హెచ్. ఎం. దలాయా అను ఇంజనీరు దానిని సాధించెను. 1955లో ఆ పాల కర్మాగారము ప్రారంభమయ్యెను. 1960 ప్రాంతమున అదే సంఘము గేదెపాలతో చీజు చేయుటకు పూనుకొనెను. ఇందు చిక్కు లేకపోలేదు. గేదెపాలలో కేసిన్, కాల్షియము హెచ్చు గనుక రెన్నెట్ వేసినంతనే త్వరగా, మిక్కిలి గట్టిగా గడ్డకట్టును, నీటిని ఎక్కువగా వదలి పొడిబారును, మాగుటయు ఆలస్యమగును. వేడిమిని తగ్గించి, తోడును పెంచి, అవసరమైనచో కొంత ఆవుపాలు కలిపి ఈ దోషములను సవరింపవచ్చునని ఆనందులోను, 1955లో కర్నాలునకు తరలిన జాతీయ పాడి పరిశోధన సంస్థలోను జరిగిన కృషి వలన తేలినది.

ఇటలీలో నేపుల్సు పరిసరములందలి రైతులు ఇదే చిక్కును మరియొక దారిన దాటిరి. వారు గేదెపాలతో మొజరెల్లా చేయుదురు. గడ్డను మరుగునకు దగ్గరైన వేడినీటిలో వేసి, కర్రతో కలియబెట్టి, పట్టుదారము వలె సాగదీసి, ముద్దలుగా త్రుంచుదురు. దీనిని మాగవేయరు, తాజాగానే తిందురు. మాగుట ఆలస్యమగు పాలకు మాగనక్కరలేని చీజును ఎన్నుకొనుట వారి తెలివి. గేదెలే పాడికి ఆధారమైన మన కోస్తా, తెలంగాణ జిల్లాలలో ఎవరైన చీజు పరిశ్రమ పెట్టదలచినచో చెడ్డర్ కన్న ముందుగా చూడదగినది ఇదియే యని చెప్పవచ్చును.

ఇక రెన్నెట్ మాట. 1960 దశకమున లోకమున చీజు వాడకము పెరిగి, దూడల పొట్టలు చాలనందున, ఒకజాతి బూజు నుండి తీసిన తోడు వాడుకలోనికి వచ్చెను. తరువాత దూడలో కైమోసిన్‌ను పుట్టించు జన్యువును సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టి, దూడతో నిమిత్తము లేకుండ అదే రసమును పులియబెట్టి తీయుట నేర్చిరి. 1990లో అమెరికా ప్రభుత్వము దానిని ఆమోదించెను. జన్యుమార్పిడి విద్యచే పుట్టిన ఆహారపదార్థములలో అచ్చట ఆమోదము పొందిన మొదటిది ఇదే. శాకాహారులు మన దేశమున చీజు కొనునపుడు పెట్టెపై ఆకుపచ్చ చుక్కను చూచుకొనవలెను. ఆ చుక్క గల చీజులో పశువు కడుపు నుండి తీసిన రెన్నెట్ ఉండరాదు.

కొనువారికి, చేయువారికి

పాలకొవ్వునకు బదులు వంటనూనె కలిపి చీజు వలె, పనీరు వలె చేసిన వస్తువులు కూడ అంగడిలో కలవు. వీనిని చీజు అనిగాని పనీరు అనిగాని అమ్మరాదు. అనలాగ్ అని పెట్టెపై వ్రాయవలెనని చట్టము. విషము కాదు గాని పాల ధర యిచ్చి నూనెను కొనుట తగదు. అసలైన చెడ్డర్ చీజులో నూటికి 25 పాళ్ళ మాంసకృత్తులు, 33 పాళ్ళ కొవ్వు ఉండును. ఎముకలకు బలమిచ్చు కాల్షియము విశేషముగా నుండును. ఉప్పు కూడ విశేషమే. రక్తపుపోటు గలవారు దీనిని పచ్చడి వలె నంజుకొనవలెనే గాని కూర వలె తినరాదు.

పాలు కాచకుండ చీజు చేయుట ప్రమాదకరము. పశువులలో ఈనకమునుపే చూలు పోవుటకు కారణమగు బ్రూసెల్లా రోగక్రిమి, క్షయక్రిమి, లిస్టీరియా యను మరియొక క్రిమి పచ్చిపాల ద్వారా మనుష్యులకు సోకును. నెలల తరబడి మాగిన గట్టి చీజులో వీనిలో చాలవరకు నశించును. నీరు ఎక్కువగా నుండు మెత్తని తాజా చీజులో బ్రతికియుండును. అందులోను లిస్టీరియా చల్లని పెట్టెలో సైతము పెరుగగలదు. 1985లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మెత్తని చీజు వలన 142 మందికి ఆ రోగము సోకినది. 48 ప్రాణములు పోయినవి. వారిలో ఎక్కువమంది గర్భస్థ శిశువులు, అప్పుడే పుట్టిన బిడ్డలు. పాలను 63 డిగ్రీలలో అరగంట గాని, 72 డిగ్రీలలో 15 సెకండ్లు గాని ఉంచినచో ఈ క్రిములు చచ్చును. గర్భిణీలు పచ్చిపాల మెత్తని చీజును ఎంతమాత్రము తినరాదు. ఇంట చేయు పనీరునకు పాలు మరిగింతుము గనుక ఆ భయము తక్కువ. ఐనను వడగట్టు బట్టను కాచిన నీటిలో ఉతికి ఎండవేయవలెను, చేసిన పనీరును చల్లని పెట్టెలో ఉంచి రెండు మూడు దినములలో వాడవలెను.

కడపట తేటను గూర్చి. కిలో చీజు చేసినచో తొమ్మిది లీటర్ల వరకు తేట మిగులును. పచ్చదనము కలిసిన ఆ నీటిలో పాలచక్కెర, కరగిన మాంసకృత్తులు, విటమినులు ఉండును. పెద్ద కర్మాగారములు దానిని వాగులలోనికి వదలిన కాలమున, దానిని తిను సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును పీల్చివేయగా చేపలు చచ్చెడివి. ఇటలీ ఇల్లాండ్రు దానినే మరల మరిగించి రికోటా యను మెత్తని పదార్థమును తీయుదురు. వ్యాయామము చేయు యువకులు డబ్బాలలో కొనుచున్న ప్రోటీను పొడి చాలవరకు ఆ తేటను ఎండబెట్టినదే. ఇంట పనీరు చేసినపుడు మిగిలిన నీటిని పారబోయక చపాతి పిండి కలుపుటకు గాని, పప్పుచారులో గాని వాడుకొనవచ్చును. ఇంకను మిగిలినచో కుడితిలో కలిపి గేదెకే పెట్టవచ్చును. ఒక్కసారిగా ఎక్కువ పెట్టినచో కడుపు పులియును గనుక మొదట కొద్దిగా అలవాటు చేయవలెను.